సంచకరువు పుచ్చుకొన్నవాడికి గడువుండదా?

“బుక్ చేసిన కరెంటు కారు నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు తీసుకోవడమా, ఇంకొంతకాలం ఆగడమా?” ఈ ప్రశ్న పెళ్లిపందిళ్లలో, ఉదయపు నడకల్లో, చుట్టాల ఫోన్లలో తరచు వినబడుతున్నది. అడిగేవాడు దీనంగా అడుగుతాడు. చెప్పేవాడు ధీమాగా చెబుతాడు. “ఎలాగో వచ్చింది కదా, తీసేసుకో” అనేది ఒక పక్షం. “వచ్చే ఏటికి ఇంతకన్న మంచి బ్యాటరీ వస్తుంది, ఆగు” అనేది ఇంకొక పక్షం. ఈ రెండు పక్షాలవారికీ ఒక విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. ఆలస్యం చేసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. వానలాగా ఎండలాగా ఆలస్యం కూడా దైవికంగా వచ్చిందనీ, గొడుగు వేసుకోవడమా మానడమా అన్నదే మన చేతిలో ఉన్నదనీ వీరి భావం కాబోలు.

నాకు ఆ ప్రశ్నే తప్పనిపిస్తుంది. సొమ్ము చేతబట్టుకొని బజారుకు వెళ్లినవాడికి ‘ఇప్పుడా, తరువాతా’ అన్న మీమాంస తగినదే. బయానా కట్టి, తేదీ చెప్పించుకొని, ఆ తేదీ దాటిపోగా నెలల తరబడి ఎదురుచూసినవాడికి అది తగదు. అతడు వేయవలసిన ప్రశ్న ‘ఏ షరతుల మీద తీసుకొందును?’ అన్నది. షరతులు కుదిరితే తీసుకోవాలి. కుదరకపోతే బయానా వెనక్కి తెచ్చుకోవాలి. ‘ఇంకా ఆగుదాం’ అన్న మూడో దారి రోజూ బండి అవసరమున్నవాడికి దారే కాదని నా వాదం.

తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి గనుక ముందు మాటల సంగతి. బయానాను మన పెద్దలు సంచకరువు అనేవారు. అమరకోశం వైశ్యవర్గంలో దీనికి సత్యంకారమన్న పేరున్నది. ఆడిన మాటను సత్యం చేయడానికి ముందుగా ముట్టజెప్పే ద్రవ్యమన్నమాట. ఇచ్చినవాడు కొంటానని, పుచ్చుకొన్నవాడు అమ్ముతానని, ఇద్దరూ బద్ధులు కావాలి. ముడి రెండువైపులా పడాలి. ఇప్పుడు షోరూములో మన చేతికిచ్చే బుకింగు పత్రం ఒకసారి భూతద్దం పెట్టుకొని చదవండి. కొనేవాడు వద్దంటే ఇంత కోత అని ఉంటుంది. అమ్మేవాడు జాప్యం చేస్తే ఏమిటన్న చోట ‘అంచనా తేదీ మాత్రమే’ అని ఉంటుంది. ధర ఎంత అంటే ‘అప్పగించేనాటి ధర’ అని ఉంటుంది. అంటే ముడి మన కొంగుకే పడింది, ఆ రెండో కొస గాలికి ఊగుతున్నది.

వాయిదా అన్న మాట చరిత్ర కూడా ఇటువంటిదే. ఉర్దూలో వాదా అంటే మాట ఇవ్వడం. అదే మన దగ్గరికి వాయిదాగా వచ్చి, కచేరీల మెట్లెక్కి దిగి, ‘తరువాత చూద్దాం’ అన్న అర్థంలో స్థిరపడిపోయింది. మాట ఇవ్వడమంటేనే వెనక్కి జరపడమని అర్థం చేసుకొన్న జాతికి షోరూమువాడు కొత్తగా నేర్పవలసింది ఏముంది? (డెలివరీ అన్న మాటకు మన ఇళ్లలో ఇంకో అర్థమున్నది గానీ, ఆ డెలివరీకి గడువు తొమ్మిది నెలలని అందరికీ తెలుసు. దీనికి ఆ పాటి భరోసా కూడా లేదు.)

ఇక అసలు సంగతికి వస్తాను. నా పూర్వవిద్యార్థి ఒకడు సూర్యాపేటలో ఉంటూ నల్గొండలో ఉద్యోగం చేస్తున్నాడు. రానూ పోనూ తొంభై కిలోమీటర్ల పైమాట. 2025 ఉగాదినాడు ఒక కరెంటు కారు బుక్ చేశాడు. శ్రావణమాసం దాటకుండా ఇస్తామన్నారు. శ్రావణం పోయింది, దసరా పోయింది, దీపావళి పోయింది. కార్తికంలో ఫోను చేస్తే “అయస్కాంతాలు రావడం లేదు సార్” అన్నారు. డిసెంబరు చివరివారంలో, అంటే పుష్యమాసంలో, హఠాత్తుగా వాళ్లే ఫోను చేసి బండి వచ్చిందనీ, 31వ తేదీలోగా రిజిస్ట్రేషను చేయించుకోవాలనీ తొందరపెట్టారు. శూన్యమాసం, సంక్రాంతి దాకా ఆగండంటే “మీరు వద్దంటే మీ వెనుక నలభైమంది ఉన్నారు” అని సమాధానం. వాడు నాకు ఫోను చేసి అడిగిన మాట ఇదే: “తీసుకోమంటారా సార్, ఆగమంటారా?”

నాకు పుష్యమాసం మీద పెద్ద పట్టింపు లేదు. పేచీ ఇంకొకచోట ఉన్నది. “బండి ఎప్పుడు తయారయిందో చూశావా?” అని అడిగాను. చూడలేదు. మరునాడు వెళ్లి చూస్తే 2025 మే అని ఉన్నది. ఇక ఆలోచించండి. అయస్కాంతాలు లేక తయారు కాలేదన్న బండి వైశాఖ జ్యేష్ఠాల నాటికే తయారై, ఏడు నెలలు ఎక్కడో నిలబడి ఉన్నది. ఎవరికోసమో తెచ్చినది, వారు వద్దంటే మిగిలినది అయి ఉండవచ్చు. సంవత్సరం మారితే దాన్ని ‘నిరుటి బండి’ అని ఎవరూ ముట్టరు గనుక, మారేలోగా వీడి నెత్తిన పెట్టాలని తొందర. వీడేమో నెలల తరబడి ఎదురుచూసిన బండి వచ్చిందన్న ఆనందంలో కొబ్బరికాయ కొనడానికి సిద్ధమయ్యాడు.

కారణాలన్నీ అబద్ధాలని నేననను. 2021లో చిప్పుల కొరత నిజం. 2025 ఏప్రిల్ 4న చైనా ఏడు అరుదైన మూలకాల ఎగుమతికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసింది. వాటిలో డిస్ప్రోసియం, టెర్బియం ఉన్నాయి. కరెంటు బండి మోటారులోని అయస్కాంతం వేడికి బలం కోల్పోకుండా ఉండడానికి ఇవి కావాలి. వాటికి కొరత వస్తే ఎంత పెద్ద కర్మాగారమైనా నెమ్మదించవలసిందే. కానీ ఈ కొరత సంగతి ముందుగా తెలిసేది ఎవరికి? తయారుచేసేవాడికి, అమ్మేవాడికి. తెలిసిన తరువాత కూడా బుకింగులు పుచ్చుకొంటూ, పాత తేదీలే చెబుతూ ఉండడం కొరతవల్ల జరిగిన పని కాదు. ఆపద తెలిసినవాడు ఆ భారాన్ని తెలియనివాడి మీదికి నెట్టడం వర్తకధర్మం ఎట్లా అవుతుంది?

“అయినా చట్టం ఏమంటుంది, మనం ఏం చేయగలం?” అని నిట్టూర్చేవారున్నారు. చట్టం చాలానే అంటుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం మన ముత్తాతల నాటిది, ఈనాటికీ ఆధారం. దాని 46వ సెక్షను ప్రకారం కాలం నిర్ణయించని చోట సముచితమైన కాలంలో పని జరగాలి. ‘అంచనా మాత్రమే’ అని రాసుకొన్నంత మాత్రాన అనంతకాలం దొరకదు. 55వ సెక్షను ఇంకా ముఖ్యం. గడువు ఒప్పందానికి ప్రాణమైన చోట అది తప్పితే రెండోవాడు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అట్లా రద్దు చేయక, ఆలస్యంగా వచ్చినదాన్నే పుచ్చుకొంటే? అప్పుడొక మెలిక ఉన్నది. పుచ్చుకొనే వేళ, ‘ఆలస్యంవల్ల కలిగిన నష్టానికి పరిహారం అడుగుతాను’ అని తెలియజేసి ఉంటేనే తరువాత అడిగే హక్కు మిగులుతుంది. నోరు మెదపకుండా తాళంచెవి పుచ్చుకొని, పూలదండ వేయించుకొని, ఫొటో దిగి వచ్చినవాడికి ఆ హక్కు అక్కడితో సరి.

ఈ ఒక్క విషయం తెలియక మనవాళ్లు ఎంత పోగొట్టుకొంటున్నారో! షోరూములో తాళంచెవి నమూనా ఒకటి, రెండు మూరల పొడుగుది, అట్టతో చేసి చేతికిస్తారు. అది పట్టుకొని భార్యాబిడ్డలతో నవ్వుతూ నిలబడతాం. ఈలోపల సంతకాలు పెట్టించుకొనే కాగితాలలో ‘బండి నాకు సంతృప్తికరంగా అందినది’ అన్నది ఒకటి ఉంటుంది. చదివినవారెవరు?

గడువు ఒప్పందానికి ప్రాణమా కాదా అన్నదాని మీద న్యాయవాదులు రోజంతా వాదించగలరు. అందుకే ఆ వాదం రాకుండా బుకింగునాడే చేయవలసిన పని ఒకటున్నది. పత్రం మీద ‘ఫలానా తేదీలోగా ఇవ్వనిచో బయానా పూర్తిగా వాపసు’ అని చేతితో రాసి, వాళ్లచేత సంతకం చేయించుకోవాలి. చేయరంటారా? కొందరు చేయరు. చేయనివాడి మాట ఎంతటిదో ఆ రోజే తెలిసిపోవడం కూడా లాభమే కదా.

ఇప్పుడు రెండో పక్షం, ఆగమనేవారు. వీరిని తేలికగా తీసిపారేయలేను. వీరి చేతిలోనూ లెక్కలున్నాయి. 2010లో బ్యాటరీ సామర్థ్యం ఒక్క యూనిటుకు వెయ్యి డాలర్లకు పైనే పడేది. 2024 నాటికి ప్రపంచ సగటు 115 డాలర్లకు దిగిందని బ్లూంబర్గ్ సంస్థ లెక్క. 2024 ఫిబ్రవరిలో టాటావారు బ్యాటరీ ఖర్చు తగ్గిందని చెప్పి నెక్సాన్ కరెంటు కారు ధర గరిష్ఠంగా లక్షా ఇరవైవేల దాకా తగ్గించారు. జనవరిలో కొన్నవాడు లబోదిబోమన్నాడు, ఆగినవాడు మీసం దువ్వాడు. నిజమే. కానీ ఆ మీసం దువ్వినవాడు మార్చిలో ఏం చేయాలి? ఇంకా తగ్గుతుందని మళ్లీ ఆగాలి కదా! ధరలు తగ్గే వస్తువు విషయంలో ఆగడానికి ఒక కారణం ఎప్పుడూ ఉంటుంది. ఆ కారణం ఎప్పటికీ తీరదు.

ఘనస్థితి బ్యాటరీ మాట తీసుకోండి. ద్రవం లేని బ్యాటరీ, నిమిషాలలో నిండుతుంది, వేయి కిలోమీటర్లు పోతుంది అని ఊరిస్తున్నారు. టొయోటా సంస్థ 2017లో చెప్పినప్పుడు అది 2020ల ఆరంభంలో వస్తుందన్నది. 2023లో చెప్పినప్పుడు 2027–28 అన్నది. వారు అసమర్థులని కాదు, ప్రయోగశాల నుంచి రోడ్డు దాకా దూరం అటువంటిది. ఆ ఆశతో పాతబండిలో పెట్రోలు పోయిస్తూ కూర్చున్నవాడికి వాళ్లేమీ పరిహారమివ్వరు.

ఆగడంలో మహారికార్డు మన దేశంలోనే ఉన్నది. 2016లో టెస్లా మోడల్ 3 కోసం వేయి డాలర్ల వంతున కట్టినవారిలో భారతీయులు కూడా ఉన్నారు. ఆ సంస్థ ముంబైలో విక్రయశాల తెరిచింది 2025 జూలై 15న. తొమ్మిదేళ్లు! అప్పుడైనా ఎదురుగా కనిపించింది మోడల్ 3 కాదు, మోడల్ వై. ధర సుమారు అరవై లక్షలు. బయానా కట్టేనాడు ఎల్‌కేజీలో చేరిన పిల్లవాడు విక్రయశాల తెరిచేనాటికి హైస్కూలులో ఉంటాడు. కట్టినవారు ధనవంతులు గనుక వేళాకోళంగా చెప్పుకొన్నాం. జీతగాడి విషయంలో అది వేళాకోళం కాదు.

జీతగాడి లెక్క చూడండి. నా విద్యార్థి రోజుకు తొంభై కిలోమీటర్లు పాతకారులో తిరిగితే ఆరు లీటర్లు. లీటరు నూరు దాటి ఉన్నది గనుక ఆరువందల పైచిలుకు. అదే దూరానికి కరెంటు బండి ఇంటిదగ్గర నింపుకొంటే పదిహేను యూనిట్లు, అన్నీ కలిపినా నూటయాభై. రోజుకు నాలుగున్నర వందలు తేడా. నెలకు ఇరవైరెండు పనిరోజులనుకొంటే దగ్గర దగ్గర పదివేలు. నాలుగు నెలల జాప్యంలో నలభైవేలు వాడి జేబులోనుంచి పోయాయి. ఇంకో ఏడాది ఆగితే లక్షా ఇరవైవేలు పోతాయి. రేపటి బ్యాటరీ కోసం ఆగమనే మిత్రులు ఈ లెక్క వేయరు. వారిలో చాలామంది నాలాగే కూరగాయల బజారుకూ గుడికీ తిరిగేవారు. రోజుకు ఆరు కిలోమీటర్లు తిరిగేవాడు పదేళ్లు ఆగినా నష్టం లేదు. ఆగవచ్చు, ఆగమని చెప్పనూవచ్చు. తొంభై కిలోమీటర్లవాడికి మాత్రం చెప్పకూడదు.

ఆగేవాడికి ప్రభుత్వం పెట్టే గడువులొకటి. అప్పు మీద కొన్నవారికి వడ్డీలో ఏడాదికి లక్షన్నర దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉండేది. 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 వరకు మంజూరైన అప్పులకే అది. బండి వచ్చినప్పుడు అప్పు తీసుకొందామని ఎదురుచూస్తూ ఆ తేదీ దాటిన వారికి ఏమీ దక్కలేదు. తెలంగాణలో 2024 నవంబరు 18న అమలులోకి వచ్చిన ఉత్తర్వు కరెంటు బండ్లకు రోడ్డుపన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగా తీసివేసింది. దానికీ 2026 డిసెంబరు 31 అని కొస ఉన్నది. పది లక్షలు దాటిన పెట్రోలు కారుపై మన రాష్ట్రంలో జీవితపన్ను నూటికి పదిహేడుకు తక్కువ లేదు. పదిహేను లక్షల బండికి రెండున్నర లక్షల పైన. అమ్మేవాడి జాప్యంవల్ల ఇటువంటి తేదీ ఒకటి దాటిపోతే ఆ రెండున్నర లక్షలు ఎవరు భరించాలి? బుకింగు పత్రంలో దీనికి గడి లేదు. ధర పెరిగితే మనదే, పన్ను పెరిగితే మనదే, వడ్డీ పెరిగితే మనదే!

అందుచేత ఆలస్యంగా వచ్చిన బండిని తీసుకోవడానికి నేను విరోధిని కాను. పని జరుగుతుందంటే తీసుకోవలసిందే. కళ్లు తెరిచి తీసుకోవాలి. ఛాసిస్ సంఖ్యతోపాటు తయారీ నెల కూడా బండి మీద ఉండాలన్నది 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలలోని మాట. రేపు ఆర్‌సీలో ఎక్కేది అదే, అమ్మబోతే కొనేవాడు అడిగేదీ అదే. టైరు పక్కన చిన్న అండాకారంలో నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. లిథియం బ్యాటరీ వాడితే అరుగుతుంది, వాడకపోయినా కొంత అరుగుతుంది. నిండుగా నింపి ఎండలో నెలల తరబడి నిలబెడితే మరింత అరుగుతుంది. ఏడు నెలలు ఎక్కడ, ఎట్లా ఉంచారో అడగాలి. బ్యాటరీ హామీ ఏ తేదీనుంచి లెక్కిస్తారో కాగితం మీద రాయించుకోవాలి. పాతనెల బండికి కొత్తనెల ధర అడిగితే ఇవ్వనని చెప్పాలి.

చెప్పడమే మనకు కష్టం. మొహమాటం అనే జబ్బు మనవాళ్లది. కూరగాయల బండి దగ్గర అయిదు రూపాయలకు అరగంట బేరమాడే మనిషి పదిహేను లక్షల బండి దగ్గర చల్లగాలికి, కాఫీకి, ‘సార్’ అన్న పిలుపుకు కరిగిపోతాడు. “పాపం ఆ కుర్రవాడేం చేస్తాడు, ఉద్యోగి” అంటాడు. ఆ కుర్రవాడు ఏమీ చేయలేడన్నది నిజమే. కనుకనే మాట వాడితో కాక, మేనేజరు పేరిట కాగితం మీద జరగాలి. కాగితానికి మొహమాటం ఉండదు. అప్పటికీ వినకపోతే 1915 అన్న సహాయవాణి ఉన్నది. 2019 చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. చెల్లించిన మొత్తం యాభై లక్షల లోపైతే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు, న్యాయవాదిని పెట్టుకోకుండా సొంతంగా చెప్పుకోవచ్చు.

నా విద్యార్థి నేను రాసిచ్చిన ఉత్తరాన్ని తీసుకొని వెళ్లాడు. ముద్ర వేయించడానికి గంటసేపు కూర్చోబెట్టారట. నాలుగు రోజుల తరువాత మేనేజరే ఫోను చేశాడు. మేనెల బండికోసం ఆ నలభైమందిలో ఒక్కడూ వచ్చినట్టు లేదు. మొదటి సంవత్సరం బీమా వాళ్లు భరించడానికీ, బ్యాటరీ హామీ అప్పగించిన రోజునుంచి అని రాసివ్వడానికీ ఒప్పుకొన్నారు. ధర మాత్రం తగ్గించలేదు. వాడు తీసుకొన్నాడు, పరిహారం మాట వదలకుండానే తీసుకొన్నాడు. ఆ ఉత్తరం ఇంకెవరికైనా పనికివస్తుందని ఇక్కడ ఉంచుతున్నాను. చుక్కలున్నచోట మీ వివరాలు నింపుకోండి.

“మేనేజరుగారికి,

నేను తేదీ … న మీవద్ద … కారుకై రూ. … బయానా చెల్లించియున్నాను. తేదీ … లోగా అప్పగింతుమని మీరు తెలిపియున్నారు. ఆ గడువు దాటి … నెలలైనది. ఇప్పుడు మీరు ఇవ్వజూపిన బండి తయారీ నెల … అని గమనించితిని. ఈ జాప్యమునకు కారణమును, బండి ఇంతకాలము ఎక్కడ ఉంచబడినదో ఆ వివరమును లిఖితపూర్వకముగా తెలుపగోరుచున్నాను. బ్యాటరీ హామీ అప్పగించిన తేదీనుండి లెక్కింపబడునని ధ్రువీకరింపగోరుచున్నాను. నేను ఈ బండిని స్వీకరించినను, జాప్యమువలన నాకు కలిగిన నష్టమునకు పరిహారము కోరు హక్కును వదలుకొనుట లేదనియు, ఆ పరిహారము కోరు ఉద్దేశము నాకు కలదనియు ఇందుమూలముగా తెలియజేయుచున్నాను. పై విషయములు మీకు సమ్మతము కానిచో నా బయానా పూర్తిగా వాపసు చేయవలెను.”

రెండు ప్రతులు తీసుకొని వెళ్లండి. ఒకటి వారికి, రెండోదాని మీద వారి ముద్ర, తేదీ. ముద్ర వేయమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. తాళంచెవి ఫొటో ఆ తరువాత దిగవచ్చు.